కుక్క ఎందుకు చచ్చిపోవాలి? (పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

పిల్లల చారిత్రక నవలల గురించి ఏదైనా అడగండి అని కిందటి సంచికలో అన్నాను. దాదాపు అన్ని జాబులూ కరువులు, ముట్టడులు, మంచులో చిక్కుకున్న ఓడల చుట్టూనే తిరిగాయి. రాజుల గురించి, కత్తియుద్ధాల గురించి అడిగినవాళ్లు తక్కువే, నాకైతే అదీ మంచిదే అనిపించింది. కొన్ని జాబుల్ని కాస్త కుదించి వేస్తున్నాను.

ప్రశ్న: నేను ఆరో తరగతి చదువుతున్నాను. వందేళ్ల కిందటి ఓడ కథ ఒకటి చదివాను. అందరూ మంచులో ఇరుక్కుపోతారు. తర్వాత వాళ్ల కుక్కల్ని వాళ్లే చంపేస్తారు. నాకు ఏడుపొచ్చి పుస్తకం విసిరేశాను. రాసినాయన కుక్కల్ని బతికించొచ్చు కదా, అంతా ఆయన చేతిలోనే ఉంది కదా?

జవాబు: విసిరేసినందుకు నిన్నేం అననులే తల్లీ. ఏ ఓడో నువ్వు రాయలేదు గానీ, ఇలాంటి కథలు చాలావరకు ఎర్నెస్ట్ షాకిల్టన్ ఓడ ‘ఎండ్యూరెన్స్’ నుంచే పుట్టాయి. 1915 జనవరిలో అంటార్కిటికా పక్కన వెడెల్ సముద్రంలో దాన్ని మంచు పట్టేసింది, మెల్లగా నలిపేసింది, నవంబరులో అది మునిగిపోయింది. మొత్తం 28 మంది మంచు పలకల మీద గుడారాలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. ఓడ వడ్రంగి మెక్‌నిష్‌కి ఒక పిల్లి ఉండేది. దాని పేరు మిసెస్ చిప్పీ, తీరా చూస్తే అది మగపిల్లి! ఓడ వదిలేయాల్సి వచ్చినప్పుడు ఆ పిల్లినీ, చిన్న కుక్కపిల్లల్నీ కాల్చేశారు. మిగిలిన కుక్కల వంతు తర్వాత వచ్చింది, చివరికి కొన్నిటి మాంసం తిన్నారు కూడా.

ఎందుకంటే ఆ కుక్కలకి రోజూ సీల్ అనే సముద్రపు జంతువు మాంసం కావాలి, మనుషులకీ అదే కావాలి, సీల్స్ దొరకడం తగ్గిపోయింది. కుక్కల్ని బతికిస్తానన్న రచయిత ఆ మాంసం ఎక్కడినుంచి వచ్చిందో కూడా చెప్పాలి కదా, చెప్పలేడు. ఆ వడ్రంగి మాత్రం తన పిల్లిని చంపించిన సంగతి జన్మలో మర్చిపోలేదంటారు. న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో ఆయన సమాధి మీద 2004లో ఆ పిల్లి కంచుబొమ్మ పెట్టారు, ఎప్పుడైనా ఫోటో చూడు.

ఇంకో సంగతి. ఆ 28 మందీ ప్రాణాలతో ఇంటికి చేరారు. ఒక రచయిత సొంతంగా కల్పించి ఇలా రాస్తే ‘ఛా, అందరూ బతకడమేంటి’ అని మనమే నమ్మం. జరిగింది కాబట్టి నమ్ముతున్నాం.

అయితే నీ కోపంలో న్యాయం కూడా ఉంది. కొంతమంది రచయితలు చివరి అధ్యాయంలో పిల్లల్ని ఏడిపించడం కోసమే కుక్కని చంపుతారు. దాన్ని కనిపెట్టడం తేలికే. కుక్క పోయాక ఆ మనుషులు చేసే పనిలో ఏమైనా మారిందా, లేక ఒక పేజీ ఏడ్చేసి మామూలైపోయారా అని చూడు. రెండో రకమైతే మళ్లీ విసిరేయ్, నేను నీ వైపే.

ప్రశ్న: మా బాబుకి పదేళ్లు. ఐర్లండ్ కరువు మీద పిల్లల నవల ఒకటి చదివాడు. అప్పటినుంచి కంచంలో మెతుకు మిగిలినా ఏడుస్తున్నాడు, రాత్రిళ్లు లేచి ‘మన ఇంట్లో కూడా తిండి అయిపోతుందా’ అని అడుగుతున్నాడు. ఇలాంటి పుస్తకాలు ఇవ్వడం మానేయాలా?

జవాబు: మానేయక్కర్లేదండీ, కొన్నాళ్లు పక్కన పెట్టండి. పడుకునే ముందు మాత్రం అస్సలు వద్దు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు పగటి పూట, మీరు పక్కన కూర్చుని చదవండి.

వాడు అడిగేది ఐర్లండ్ గురించి కాదు, మీ ఇంటి గురించి. ‘అదంతా కథే నాన్నా’ అనొద్దు, కథ కాదని వాడికి తెలుసు. ముందు వాడి ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పండి, మన ఇంట్లో తిండి ఉంది, రేపూ ఉంటుంది అని. ఆ తర్వాత అక్కడ ఏం జరిగిందో వాడికి అర్థమయ్యేలా చెప్పండి. పిల్లల పుస్తకాలు చాలావరకు ఏడుపు బాగా రాస్తాయి గానీ కారణం దగ్గరికొచ్చేసరికి ‘పంటకు తెగులొచ్చింది’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. తెగులు 1845లో వచ్చిన మాట నిజమే. కానీ ఆ తెగులు యూరప్‌లో ఇంకా చాలా దేశాల్లోనూ వచ్చింది. ఐర్లండ్‌లో అంతమంది చనిపోవడానికి కారణం, చేతిలో భూమి లేని పేదలు లక్షల మంది ఒక్క ఆలుగడ్డ మీదే బతకాల్సి రావడం, మిగతా ధాన్యం, పశువులు చాలా ఓడలెక్కి ఇంగ్లండ్ వెళ్లిపోవడం. 1847 వేసవిలో ప్రభుత్వం సూప్ పెట్టే కేంద్రాలు తెరిస్తే రోజుకి 30 లక్షల మంది దాకా తిన్నారు. అంటే పెట్టడం చేతనవును. కొన్ని నెలలకే వాటిని మూసేశారు. 1852 వచ్చేసరికి సుమారు 10 లక్షల మంది చనిపోయారు, అంతకంటే ఎక్కువమంది దేశం వదిలిపోయారు. తిండి దానంతటది మాయమైపోదు, దాని వెనక మనుషులు తీసుకున్న నిర్ణయాలుంటాయి అని తెలిస్తే పదేళ్ల పిల్లాడికి భయం కొంత కోపంగా మారుతుంది. ఆ కోపం ఫర్వాలేదు, రాత్రి నిద్రపోనిస్తుంది.

వాడికి చెప్పదగ్గ ముచ్చట ఇంకొకటి ఉంది. 1847లోనే అమెరికాలో చోక్టా అనే ఆదివాసులు ఐర్లండ్ ఆకలి గురించి విని చందాలు వేసుకుని డబ్బు పంపారు. అంతకు పదిహేను పదహారేళ్ల ముందే వాళ్లని సొంత నేల మీదనుంచి వెళ్లగొట్టారు, ఆ దారిలో వాళ్లలో వేలమంది చనిపోయారు. ఐర్లండ్‌లోని కార్క్ జిల్లాలో వాళ్ల గుర్తుగా పెద్ద ఈకల ఆకారంలో ఒక శిల్పం కూడా ఉంది. మీవాడికి తప్పకుండా నచ్చుతుంది.

ఇంత చేసినా కొన్ని వారాలపాటు నిద్ర సరిగా పట్టకపోతే, తినడంలో తేడా కనిపిస్తే ఆ టెన్షన్ పుస్తకం వల్ల వచ్చింది కాకపోవచ్చు. పిల్లల డాక్టర్‌కి చూపించండి.

ప్రశ్న: నందన కరువు మీద పిల్లల నవల రాస్తున్నాను. పన్నెండేళ్ల అమ్మాయి ధైర్యంతో, తెలివితేటలతో కుటుంబాన్నీ, చివరికి ఊరినీ కాపాడుతుంది. మొదటి అధ్యాయాలు చదివిన స్నేహితులు బాగుందన్నారు, కానీ సినిమాలా ఉందన్నారు. తేడా ఎక్కడుంది?

జవాబు: తేడా మీ జాబులోనే ఉందండీ, ‘ధైర్యంతో కాపాడుతుంది’ అన్న దగ్గర. నందన నామ సంవత్సరంలో, అంటే 1832-33లో, ఒక్క గుంటూరు ప్రాంతంలోనే ఐదు లక్షల జనాభాలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది పోయారని లెక్క. డొక్కల కరువు అని పేరు ఊరికే రాలేదు. మీ అమ్మాయి ధైర్యం వల్ల బతికిందంటే, పోయిన ఆ లక్షల మందికి ధైర్యం లేదనా? వాళ్లలో మీ నాయికంత తెలివైన పిల్లలు వేలల్లో ఉండి ఉంటారు. చదివే పిల్లలు పైకి అనరు గానీ లోపల ఆ లెక్క వేసుకుంటారు, ‘గట్టివాళ్లు బతుకుతారు, పోయినవాళ్లు గట్టివాళ్లు కాదు’ అని. కష్టాల మీద వచ్చే పిల్లల నవలల్లో నాకు బొత్తిగా పడనిది ఇదే.

కాబట్టి ముందు ఆ పిల్ల ఏ ఇంట్లో పుట్టిందో తేల్చుకోండి. జొన్న పాతర ఉన్న రైతు ఇంట్లోనా, కూలి చేసుకునే ఇంట్లోనా, నేతపని ఇంట్లోనా? కరువు అందరి తలుపూ ఒకే రోజు తట్టదు. గింజలు పండని ఏడు బట్ట కొనేవాడు ఉండడు, అందుకే నేతగాడు పొలం లేకపోయినా రైతుకంటే ముందే పస్తు పడుకుంటాడు. కూలివాడికి పని ఆగిన రోజే పొయ్యి ఆగుతుంది. పాతర ఉన్నవాడు కొన్ని నెలలు తట్టుకుంటాడు, ఆ పాతర సంగతి నలుగురికీ తెలిస్తే ఏమవుతుందోనని రాత్రిళ్లు మేలుకుంటాడు. ఇక్కడే మీకు కథ ఉంది. పక్కింట్లో పాతర ఉందని మీ అమ్మాయికి తెలుసు అనుకోండి, ఆ ఒక్క విషయం మీద సగం నవల నడుస్తుంది.

ఇక వివరాలు. మీరు పంపిన పేజీల్లో ఆ పిల్ల కాలువ గట్టు మీద కూర్చుని పచ్చటి వరి చేలు చూస్తుంది. 1832లో ఆ కాలువ లేదు. బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో పూర్తయింది, ఇప్పుడు మనం డెల్టా అంటే గుర్తుచేసుకునే పచ్చదనం ఆ తర్వాతది. అప్పటికి వానదేవుడి మీద ఆధారపడ్డ మెట్ట పంటలు, జొన్నలు ఎక్కువ. అలాగే వాళ్లమ్మ అగ్గిపుల్ల గీసి పొయ్యి ముట్టించకూడదు, నిప్పు ఆరిపోతే పక్కింటికెళ్లి తెచ్చుకోవాలి. పక్కిల్లు కూడా ఖాళీ అయిపోయినప్పుడు నిప్పు ఎక్కడ తెస్తారు? చూశారా, అగ్గిపెట్టె తీసేస్తే మంచి సన్నివేశం వచ్చింది. రైలు ఊసెత్తొద్దు, మద్రాసు వైపు మొదటి ప్రయాణికుల రైలు 1856లో గానీ నడవలేదు. టైము గంటల్లో కాకుండా జాముల్లో, గడియల్లో, గింజలు కిలోల్లో కాకుండా మానికల్లో, సోలల్లో చెప్పండి. రోజులు గడిచేకొద్దీ మానిక సోలై, సోల గిద్దవడం చాలు, మీరు ప్రత్యేకంగా ‘ఆకలి పెరిగింది’ అని రాయక్కర్లేదు.

‘ధాన్యం వేరే చోటినుంచి ఎందుకు తెప్పించలేదు’ అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. బండ్లు లాగేది ఎడ్లు. మేత లేక ఎడ్లు ముందే పోతాయి, బతికినవి కూడా దారి పొడుగునా మేతా నీళ్లూ లేకపోతే కదలవు. అందుకే మనుషులే కాలినడకన మద్రాసు దారి పట్టారు, దారిలోనే చాలామంది పోయారు. ఇది మీ నవలకి వెన్నెముక కావాలి అని నా అభిప్రాయం, ఊళ్లో కూర్చుని ఊరిని కాపాడే కథ కన్నా.

ఆ కాలపు దారులు, సత్రాలు ఎలా ఉండేవో తెలియాలంటే ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర చదవండి. ఆయన 1830లో మద్రాసు నుంచి బయల్దేరి 1831లో తిరిగొచ్చాడు, తిరుగు దారి కోస్తా మీదుగానే, అంటే సరిగ్గా మీ కథకి ముందు ఏడు. ఎక్కడ ఏం దొరుకుతుంది, ఎక్కడ నీళ్లు బాగుంటాయి అన్నీ ఓపిగ్గా రాసుకున్నాడు. ఇంతకంటే మంచి సాయం మీకు దొరకదు.

ఆకలిని మీరు సాహసంలా రాశారు, అది కూడా మార్చాలి. 1944 నవంబరులో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులతో, వాళ్లు ఒప్పుకున్నాకే, ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. 24 వారాలు వాళ్లకి సగం తిండి పెట్టాడు. వాళ్లు శరీరంలో దాదాపు పావు వంతు బరువు కోల్పోయారు. అంతకంటే మీకు పనికొచ్చేది వాళ్ల ప్రవర్తన. చిన్న మాటకే చిరాకు, ఎవరితోనూ కలవకపోవడం, నవ్వు పోవడం, చలి, రోజంతా తిండి గురించే ఆలోచన, పళ్లేలు నాకడం, వంటల పుస్తకాలు పోగుచేసుకుని చదవడం. మీ అమ్మాయి ఐదో నెలలో కూడా తమ్ముడికి జోకులు చెబుతోంది. కుదరదు. తమ్ముడి మీద విసుక్కోవాలి, వాడి వాటా మీద చూపు పడాలి, పడినందుకు తనని తాను అసహ్యించుకోవాలి. అప్పుడు ఆ పిల్లని మేం ఇంకా ఎక్కువ ప్రేమిస్తాం.

చివరి అధ్యాయంలో వాన పడగానే అందరూ గంతులేశారు. వాన ముగింపు కాదండీ. విత్తనం తినేశారు, ఎడ్లు లేవు, పంట చేతికి రావడానికి ఇంకా నెలలు పడుతుంది. పైగా కరువుల్లో ఆకలితో నేరుగా పోయేవాళ్లకంటే కలరా, మశూచి, జ్వరాలతో పోయేవాళ్లు ఎక్కువ. 1876-78 ధాత కరువులో కూడా వానలొచ్చాక మలేరియా విరుచుకుపడి చావులు పెరిగాయి. ఎన్నాళ్లో పస్తున్న మనిషికి ఒక్కసారిగా కడుపునిండా పెడితే అదీ ప్రాణం మీదకి తెస్తుంది, మీ పన్నెండో పేజీలోని ‘విందు’ చూసి నా గుండె ఝల్లుమంది.

మరి ఆ పిల్లకి చేయడానికేం మిగిలింది అంటారా, బోలెడు ఉంది. ఏ ఆకు తినొచ్చో, ఏది తింటే కడుపునొప్పో తెలుసుకోవడం, తమ్ముణ్ని ఇంకొక మైలు నడిపించడం, నడవలేని నాయనమ్మని దారిలో వదలాలా వద్దా అన్నప్పుడు పెద్దవాళ్లు తన మొహం చూడకుండా తల తిప్పుకుంటే చూడటం. ఊరిని కాపాడటం మాత్రం మానిపించండి. మళ్లీ రాసి పంపండి, చదువుతాను.

ప్రశ్న: టీచర్‌ని. రెండో ప్రపంచ యుద్ధం మీద నవల ఒకటి క్లాసులో చదివిస్తున్నాను. ఏది జరిగింది, ఏది కల్పన అని పిల్లలు గొడవపడుతున్నారు. ఎలా విడదీయాలి?

జవాబు: గొడవపడుతున్నారంటే క్లాసు బాగా జరుగుతోందన్నమాట. పుస్తకం వెనక రచయిత మాట ఉంటే దాన్ని ముందే చదివించేయకండి, చివర్లో చదివించి పిల్లల ఊహలతో సరిచూడమనండి. మనుషులు కల్పితం కావచ్చు, తేదీలు, కొలతలు, చట్టాలు మాత్రం నిజమై ఉండాలి. ఉదాహరణకి రష్యాలోని లెనిన్‌గ్రాద్ నగరాన్ని జర్మన్లు ముట్టడించిన కథ మీద నవలైతే, 1941 నవంబరు 20 నుంచి డిసెంబరు 25 దాకా పిల్లలకీ, పని చేయనివాళ్లకీ రోజుకి 125 గ్రాముల రొట్టె ఇచ్చారు, అందులోనూ పిండితో పాటు చెక్క నుంచి తీసిన సెల్యులోజ్ లాంటివి కలిపారు. నవలలో పిల్లాడు డిసెంబరులో రోజూ రెండు పూటలా రొట్టె తింటుంటే రచయిత చదువుకోలేదని అర్థం. క్లాసుకి ఒక తక్కెడ తెచ్చి 125 గ్రాములు తూచి చూపించండి చాలు. ‘అనుభవం కోసం’ పిల్లల్ని ఒక పూట పస్తుంచే ప్రాజెక్టులు కొన్ని బళ్లలో చేస్తుంటారు, దయచేసి అలాంటివి వద్దు. సాయంత్రం ఇంటికెళ్లి తింటామని తెలిసిన ఆకలి వేరు.

ప్రశ్న: ఎప్పుడు చూసినా ఏడుపు కథలేనా? పిల్లలకి కాస్త సరదా పుస్తకాలు చెప్పరా?

జవాబు: చెబుతాను, వచ్చే సంచికలో. ఈలోగా ఒక మాట. పైన చెప్పిన ఓడ మునిగిపోయేటప్పుడు ఒక్కొక్కరు మోసుకెళ్లే సామాను మీద షాకిల్టన్ కచ్చితంగా పరిమితి పెట్టాడు, బంగారు నాణేలు కూడా మంచు మీద పారేశాడు. హస్సీ అనే ఆయన బాంజో వాయిద్యాన్ని మాత్రం బరువైనా వెంట తీసుకెళ్లమన్నాడు. తర్వాత షాకిల్టన్ ఐదుగురితో పడవలో సాయం తేవడానికి వెళ్తే, ఎలిఫెంట్ దీవిలో మిగిలిన 22 మంది తిరగేసిన పడవల కింద నాలుగు నెలలపైన ఉండి, ఆ బాంజోతో పాటలు పాడుకున్నారు, ఒకళ్ల మీద ఒకళ్లు పాటలు కట్టి వెక్కిరించుకున్నారు. ఏడుపు కథల్లో కూడా సరదా ఉంటుంది సార్, మంచి రచయిత దాన్ని వదలడు.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి. కరువు కథల్లో జనం చచ్చిపోతారు గానీ గిడ్డంగులు పగలగొట్టి ధాన్యం ఎందుకు తీసుకోరు? నేనైతే తీసుకుంటాను.

జవాబు: తీసుకున్నారు బాబూ. పుస్తకాల్లో రాయరంతే. ఐర్లండ్‌లో ధాన్యం బండ్ల పక్కన సైనికులు నడిచేది అందుకే. ధాత కరువు మొదలైనప్పుడు మద్రాసు రాష్ట్రంలో కూడా దోపిడీలు, ధాన్యం కోసం అల్లర్లు జరిగాయి. కానీ అవి ఎక్కువగా కరువు మొదట్లోనే జరుగుతాయి, ఎందుకంటే తలుపు పగలగొట్టడానికి కూడా ఒంట్లో శక్తి ఉండాలి. శక్తి ఉన్నన్నాళ్లు ‘రేపు వాన పడుతుందేమో’ అన్న ఆశ ఉంటుంది, ఆశ పోయేసరికి శక్తి కూడా పోతుంది.

ఇంకోటి, అప్పటి ప్రభుత్వం సాయం పేరుతో పని పెట్టింది. 1877లో రిచర్డ్ టెంపుల్ అనే అధికారి, రోజంతా కష్టపడి పనిచేసే కూలీకి ఒక పౌను గింజలు, అంటే సుమారు 450 గ్రాములు, పైన కొద్దిపాటి డబ్బు చాలన్నాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ (ప్రజారోగ్యం చూసే అధికారి) డాక్టర్ కార్నిష్ అది మనిషి బతకడానికి చాలదని గట్టిగా వాదించాడు. కొన్ని నెలలకి కూలి పెంచారు, అప్పటికే చాలామంది పోయారు. మద్రాసులో బకింగ్‌హామ్ కాలువ ముక్క ఒకటి ఆ కరువు పనుల్లో తవ్విందే. అదే 1877 జనవరి 1న ఢిల్లీలో వైస్రాయ్ లిట్టన్ విక్టోరియా రాణిని చక్రవర్తినిగా ప్రకటిస్తూ పెద్ద దర్బారు, విందులు జరిపించాడు. నీకు కథ రాయాలని ఉంటే, గిడ్డంగి తలుపు పగలగొట్టే కుర్రాడితో పాటు, తలుపు బయట కాపలా ఉన్న జవాను ఇంట్లో ఏం తింటున్నారో కూడా రాయి.

ఈసారికి జాగా అయిపోయింది. పిల్లలకి పుస్తకం చెప్పమని అడిగే పెద్దలు పిల్ల వయసు, ఇంతకుముందు ఏం చదివిందో కూడా రాయండి, ‘చిన్నపిల్ల’ అని మాత్రం రాస్తే ఏడేళ్లో పధ్నాలుగో నాకు తెలియడం లేదు.